ఒకే ఎత్తు, నాలుగు సైజుల తేడా: పాదాల కొలతల లెక్క

హన్మకొండ చౌరస్తాలో ఏ చెప్పుల షాపుకు వెళ్లినా మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ నంబర్?" ఏడనో ఎనిమిదనో చెప్పగానే షాపులో పిల్లగాడు నిచ్చెన ఎక్కి డబ్బా దించుతాడు. తొడిగి చూస్తే వేళ్ల దగ్గర పట్టేసినట్టుంటుంది. ఇంకో నంబర్ పెద్దది తీస్తాడు. అందులో వేళ్లకు చోటు దొరుకుతుంది గానీ మడమ జారుతుంది. "వాడుతుంటే సెట్ అయితదన్నా" అన్న మాటతో బేరం ముగుస్తుంది. కరీంనగర్‌లోనైనా మంచిర్యాలలోనైనా ఇదే తంతు. షాపువాళ్లను తప్పుపట్టి లాభం లేదు. వాళ్ల చేతిలో ఉన్న నంబర్ పాదం పొడవును మాత్రమే చెబుతుంది. పాదాల్లో మనిషికీ మనిషికీ ఉండే అసలు తేడాలు చాలావరకు పొడవులో లేవు.

అయినా పొడవుతోనే మొదలుపెడదాం, లెక్కకు సులువు. మనిషి పాదం పొడవు అతని ఎత్తులో సుమారు 15 శాతం ఉంటుంది. మగవాళ్లలో దానికి కాస్త ఎక్కువ, ఆడవాళ్లలో కాస్త తక్కువ. తెలంగాణలో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగ అభ్యర్థులకు అడిగే ఎత్తు 167.6 సెంటీమీటర్లు, అంటే అయిదడుగుల ఆరంగుళాలు. ఈ ఎత్తున్న మనిషికి పాదం 25 సెంటీమీటర్ల చిల్లర ఉండాలి. కానీ 15 అనేది సగటు. ఏ జబ్బూ లేని మామూలు మనుషుల్లోనే ఇది 14 నుంచి 16 శాతం దాకా ఉంటుంది. అదే ఎత్తుకు 14 శాతం లెక్కన పాదం 23.5 సెంటీమీటర్లు, 16 శాతం లెక్కన 26.8. మధ్యలో తేడా 3.3 సెంటీమీటర్లు. మన దగ్గర నడుస్తున్న బ్రిటిష్ నంబర్లలో ఒక సైజుకూ తర్వాతి సైజుకూ మధ్య దూరం అంగుళంలో మూడో వంతు, అంటే 8.46 మిల్లీమీటర్లు. దీన్నిబట్టి, గ్రౌండ్‌లో ఒకే ఎత్తుతో పక్కపక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లకు దాదాపు నాలుగు సైజుల తేడాతో బూట్లు కావాల్సి రావచ్చు. ఇద్దరిలో ఎవరి పాదమూ పెద్దదీ కాదు, చిన్నదీ కాదు.

పూర్వం ఈ నిష్పత్తిని ఒక్క అంకెలో బిగించాలని చాలామంది చూశారు. రోమన్ వాస్తు పండితుడు విట్రూవియస్ పాదం ఎత్తులో ఆరో వంతు అన్నాడు. దాదాపు పదిహేను వందల ఏళ్ల తర్వాత లియొనార్డో డావిన్చీ ఏడో వంతు అని రాసుకున్నాడు. మన కానిస్టేబుల్ అభ్యర్థి మీద ఈ రెండు లెక్కలూ పెట్టి చూస్తే ఒకదానిలో పాదం 27.9 సెంటీమీటర్లు, మరోదానిలో 23.9 వస్తుంది. నిజం ఈ రెంటి మధ్య ఎక్కడో ఉంది. మన శిల్పశాస్త్రాల పద్ధతి వేరు. ముఖం పొడవును ఒక తాళంగా తీసుకుని, విగ్రహం స్థాయిని బట్టి తొమ్మిది తాళాలు, పది తాళాలు అని ఎత్తు నిర్ణయించి, మిగతా అవయవాలను దానికి తగ్గట్టు విభజిస్తారు. పాలంపేట రామప్ప గుడి మదనికలను చూసినవాళ్లకు ఆ సాగిన దేహాలు, సన్నటి కాళ్లు గుర్తుండే ఉంటాయి. ఎత్తు మడమల చెప్పుల్లాంటివి తొడుక్కున్న మదనిక దగ్గర గైడ్లు కాసేపు ఎక్కువే ఆగుతారు. అవి అందానికి పెట్టుకున్న కొలతలు. ఊళ్లో నడిచే మనుషుల కాళ్లకు వాటితో పని లేదు.

పొడవుకూ ఎత్తుకూ ఉన్న ఈ సంబంధం బాగా పనికొచ్చేది నేర పరిశోధనలో. నేలమీద దొరికిన పాదముద్ర పొడవును బట్టి మనిషి ఎత్తును అంచనా వేస్తారు. అంచనా అనే అనాలి, ఎందుకంటే ఫలితం కొన్ని సెంటీమీటర్లు అటూ ఇటూగానే వస్తుంది. ఇక అడుగు అనే కొలత సంగతి మరీ విచిత్రం. అడుగంటే 30.48 సెంటీమీటర్లు. 15 శాతం లెక్కలో అంత పొడవు పాదం ఉండాలంటే మనిషి 203 సెంటీమీటర్ల ఎత్తుండాలి, అంటే ఆరడుగుల ఎనిమిదంగుళాలు. కాలితో అడుగులు వేసి ప్లాట్ కొలిచేవాళ్ల లెక్క ఎందుకు తేడా వస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది.

అసలు చిక్కు వెడల్పుతో

పాదం అన్నిటికంటే వెడల్పుగా ఉండేది వేళ్ల మొదళ్ల దగ్గర. బొటనవేలి మొదట్లో లోపలివైపు ఒక కీలు, చిటికెనవేలి మొదట్లో బయటివైపు ఒక కీలు ఉబ్బెత్తుగా చేతికి తగులుతాయి. ఈ రెంటి మధ్య వెడల్పు పాదం పొడవులో సుమారు 38 నుంచి 40 శాతం. 25 సెంటీమీటర్ల పాదానికి తొమ్మిదిన్నర నుంచి పది సెంటీమీటర్లన్నమాట. మడమ వెడల్పు ఇందులో మూడింట రెండొంతులకు కాస్త ఎక్కువ. ఈ రెండు కీళ్లూ ఒకే వరసలో ఉండవు. మడమ నుంచి కొలిస్తే బొటనవేలి కీలు పాదం పొడవులో 72-73 శాతం దూరంలో ఉంటుంది, చిటికెనవేలిది ఇంకా వెనక్కి ఉంటుంది. నడిచేటప్పుడు పాదం వంగేది ఈ ఏటవాలు గీత మీదే. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి.

పొడవు సమానంగా ఉన్న ఇద్దరిలో కూడా బొటనవేలి కీలు ఒకే చోట ఉండాలని లేదు. ఒకరికి వేళ్లు పొట్టిగా, పాదం నడిమి భాగం పొడుగ్గా ఉంటుంది. ఇంకొకరికి వేళ్లే పొడుగు. ఇద్దరికీ షాపులో చెప్పేది ఒకే నంబర్, కానీ బూటు వంగే చోటు ఒకరికే కుదురుతుంది. అమెరికాలో 1920లలో చార్లెస్ బ్రానక్ తయారుచేసిన లోహపు కొలతపలకలో పొడవు, వెడల్పులతో పాటు మడమ నుంచి ఈ కీలు దాకా ఉన్న దూరాన్ని కొలవడానికి వేరే మీట పెట్టింది ఇందుకే. మన షాపుల్లో ఆ పలక కనబడటమే అరుదు. కనబడినా పొడవు చూసి పక్కన పెట్టేస్తారు.

ఇప్పుడు వెడల్పు పాదం ఉన్న మనిషి ఏం చేస్తాడో చూద్దాం. ఏడో నంబర్ బిగుతుగా ఉందని తొమ్మిది తీసుకుంటాడు. బ్రిటిష్ పద్ధతిలో సైజు ఒకటి పెరిగితే వేళ్ల మొదళ్ల దగ్గర చుట్టుకొలత సాధారణంగా పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు పెరుగుతుంది. రెండు సైజులు పెంచితే చుట్టూ దొరికేది 12.7 మిల్లీమీటర్లు, దానికోసం మోయాల్సిన అదనపు పొడవు 17 మిల్లీమీటర్లు. పైగా బూటు వంగే గీత పాదం వంగే గీతను దాటి ముందుకు వెళ్లిపోతుంది. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా మడమ పైకి లేస్తుంది, బూటు ముందు భాగంలో తోలు ముడతపడి వేళ్ల మీద ఒత్తుతుంది. పోలీసు ఉద్యోగాల కోసం 1600 మీటర్ల పరుగుకు ప్రాక్టీసు చేసే కుర్రాళ్లకు మడమ వెనక బొబ్బలు రావడానికి ఇదొక పెద్ద కారణం. బూటు కొత్తదని సరిపెట్టుకుంటారు గానీ, ఆరు నెలలు వాడినా ఆ గీత వెనక్కి జరగదు.

ఆడపిల్లల ఇబ్బంది ఇంకో రకం. 800 మీటర్ల పరుగుకు సిద్ధమయ్యే అమ్మాయి మగవాళ్ల స్పోర్ట్స్ షూలో చిన్న నంబర్ చూసి కొనుక్కుంటుంది, ఆ రకాలే షాపులో ఎక్కువ కాబట్టి. కానీ ఆడవాళ్ల పాదం మగవాళ్ల పాదానికి చిన్న నకలు కాదు. ఒకే పొడవు పాదాలను పోల్చి కొలిచిన అధ్యయనాల్లోనే అరికాలి వంపు, బొటనవేలి మొదట్లో ఆకారం, చీలమండ దగ్గర కొలతలు వేరుగా వచ్చాయి. మడమ సన్నంగా ఉన్న అమ్మాయి ఎంత గట్టిగా లేస్ కట్టినా వెనక ఖాళీ ఖాళీగానే ఉంటుంది.

భారతీయుల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పని చెప్పులు కుట్టేవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. దీన్ని పెద్ద ఎత్తున కొలిచింది చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ. 2021 డిసెంబర్ నుంచి 2022 మార్చి వరకు దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా జనం పాదాలను త్రీడీ స్కానర్లతో కొలిచారు. ప్రాంతానికో సైజు పద్ధతి కావాలేమోనని మొదట అనుకున్నారు. లెక్కలు తేలాక, వెడల్పు కాస్త పెంచితే దేశమంతటికీ ఒకే పద్ధతి సరిపోతుందని చెప్పి, "భ" అనే పేరుతో ఎనిమిది సైజులు ప్రతిపాదించారు. బ్రిటిష్ వాళ్లు వెళ్లిపోయి ఇన్నేళ్లయినా వాళ్ల పాదాల కొలతలతోనే చెప్పులు కొంటున్నాం మరి. హవాయి చెప్పులు, శాండల్స్ తొడిగినంత కాలం ఈ తేడా పెద్దగా తెలియదు. పక్కన వేలు చెప్పు అంచు దాటినా ఎవరూ పట్టించుకోరు. స్పోర్ట్స్ షూ, ఆఫీసు బూట్లు తొడగాల్సి వచ్చినప్పుడే విషయం బయటపడుతుంది.

రెండో వేలి మీద వేసిన నింద

పెళ్లిచూపుల్లో పిల్ల కాళ్లు చూసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. రెండో వేలు బొటనవేలి కంటే పొడుగుంటే మొగుడి మీద పెత్తనం చేస్తుందని ఒక నమ్మకం. నిజానికి ఇక్కడ వేలి పొడవు కంటే లోపలి ఎముక సంగతే ఎక్కువ. ఒక్కో పాదంలో ఎముకలు 26. వాటిలో వేళ్ల వెనక, పాదం మధ్యలో అయిదు పొడవాటి ఎముకలు ఉంటాయి. వీటిలో మొదటిది, అంటే బొటనవేలి వెనక ఉన్నది, రెండోదాని కంటే పొట్టిగా ఉంటే బొటనవేలు మొదలవడమే వెనక నుంచి మొదలవుతుంది. దాంతో రెండో వేలు ముందుకు వచ్చినట్టు కనిపిస్తుంది. అమెరికా వైద్యుడు డడ్లీ మోర్టన్ 20వ శతాబ్దం తొలి భాగంలో దీని గురించి వివరంగా రాశాడు, అందుకే దీన్ని మోర్టన్ వేలు అంటారు. గ్రీకు శిల్పాల్లో ఇలాంటి పాదం తరచుగా కనబడుతుంది కాబట్టి గ్రీకు పాదమనీ, బొటనవేలు పొడుగ్గా ఉండేదాన్ని ఈజిప్టు పాదమనీ పిలవడం అలవాటైంది. ఆ పేర్లకూ ఆ దేశాల జనం పుట్టుకకూ సంబంధం లేదు. వేళ్లన్నీ ఇంచుమించు ఒకే వరసలో ఉండే మూడో రకం కూడా ఉంది. మూడూ మామూలువే, మూడూ ఒకే ఊళ్లో కనబడతాయి, ఒక్కోసారి ఒకే ఇంట్లో కూడా. మగవాళ్లలోనూ రెండో వేలు పొడుగున్నవాళ్లు ఎందరో. వాళ్ల పెత్తనం గురించి ఎవరూ ఆరా తీయరు.

దీనివల్ల ఇబ్బంది ఉందంటే అది నడకలో. మొదటి ఎముక పొట్టిగా ఉన్న కొందరిలో బరువు రెండో వేలి మొదట్లో ఎక్కువ పడి, అక్కడ చర్మం గట్టిపడి ఆనెకాయ కాస్తుంది. బూటు కొనేటప్పుడు ముందు బొటనవేలి దగ్గర నొక్కి చూడటం షాపుల్లో అలవాటు. రెండో వేలు పొడుగున్నవాళ్లకు ఆ పరీక్ష పనికిరాదు. ఏ వేలు పొడుగ్గా ఉంటే ఆ వేలి ముందు ఖాళీ చూడాలి. లేకపోతే ఆ వేలు లోపల ముడుచుకుని, మట్టె ఉన్నచోటే ఒరుసుకుని పుండవుతుంది.

చదును పాదం అంటే లోపమేనా

వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కుర్రాళ్లకు ఫ్లాట్ ఫుట్ అనే మాట వింటేనే టెన్షన్. పోలీసు నియామకాల నోటిఫికేషన్లలో ఉద్యోగానికి పనికిరాని శారీరక లోపాల జాబితాలో మోకాళ్లు తగలడం, వేరికోస్ వెయిన్స్ లాంటి వాటితో పాటు ఇదీ ఉంటుంది. కాలు తడిపి షాబాదు బండ మీద పెడితే అచ్చు కనబడుతుంది. నడుమ లోపలివైపు ఖాళీ బాగా ఉంటే వంపు ఎక్కువని, అరికాలంతా నిండుగా పడితే చదునని గుర్తు. పరిశోధకులు కొలిచే పద్ధతి కూడా దాదాపు ఇదే. వేళ్లను వదిలేసి అచ్చును మూడు సమాన భాగాలు చేసి, నడిమి భాగం విస్తీర్ణం మొత్తంలో ఎంతో చూస్తారు. 1987లో కావనా, రాడ్జర్స్ అనే ఇద్దరు ప్రతిపాదించిన ఈ లెక్కలో 0.21 లోపు వస్తే వంపు ఎక్కువ, 0.26 దాటితే చదును, మధ్యలోది సాధారణం.

అచ్చు చెప్పేది నిలబడ్డప్పటి ఆకారం మాత్రమే. అదే మనిషిని మునివేళ్ల మీద లేవమంటే చాలామందిలో వంపు పైకి లేచి కనబడుతుంది, మడమ కాస్త లోపలికి తిరుగుతుంది. అరికాలి అడుగున మడమ నుంచి వేళ్ల దాకా ఒక గట్టి పట్టీ లాంటి కణజాలం ఉంటుంది. వేళ్లు పైకి వంగినప్పుడు అది బిగుసుకుని మడమను, వేళ్ల మొదళ్లను దగ్గరికి లాగుతుంది, దాంతో నడుమ వంపు లేస్తుంది. కుర్చీలో కూర్చుని బొటనవేలిని చేత్తో పైకి లాగితే అరికాలి కింద ఆ పట్టీ తాడులా బిగుసుకోవడం చేతికే తెలుస్తుంది. ఇలా లేచే చదును పాదం మెత్తటిది, నొప్పి లేకపోతే దానికి వైద్యం అక్కర్లేదు. మునివేళ్ల మీద లేచినా వంపు రాకుండా బిగుసుకుపోయి ఉండేది వేరే రకం, డాక్టరుకు చూపించాల్సింది అదే. తడి కాలి అచ్చు చూసుకుని ఆశలు వదులుకునే కుర్రాళ్లు ముందు ఎముకల డాక్టర్ దగ్గర ఈ తేడా తేల్చుకోవడం మంచిది. సెలెక్షన్‌లో తుది మాట మెడికల్ బోర్డుదే అన్నది వేరే సంగతి.

పసిపిల్లల పాదాలన్నీ చదునుగానే కనబడతాయి. అరికాలి వంపులో కొవ్వు నిండి ఉంటుంది, కీళ్లను పట్టి ఉంచే బంధనాలు మెత్తగా ఉంటాయి. నడక వచ్చాక కొన్నేళ్లలో వంపు తేలుతుంది. ఆ కొన్నేళ్లలో కాలికి ఏం తొడిగారన్నది ముఖ్యమని మన దక్షిణాది పిల్లల మీదే తేలింది. 1992లో అచ్చయిన ఒక అధ్యయనంలో రావు, జోసెఫ్ అనే వైద్యులు 4 నుంచి 13 ఏళ్ల వయసున్న 2300 మంది పిల్లల పాదముద్రలు పరిశీలించారు. చెప్పులు, బూట్లు వాడే పిల్లల్లో చదును పాదం 8.6 శాతం, ఒట్టి కాళ్లతో తిరిగే పిల్లల్లో 2.8 శాతం. వాడేవాళ్లలో కూడా ముందు మూసి ఉన్న బూట్లు తొడిగే పిల్లల్లో ఎక్కువ, శాండల్స్, స్లిప్పర్లు వాడే పిల్లల్లో తక్కువ. నర్సరీ నుంచే టైతో పాటు నల్ల బూట్లు బిగించి పంపే బళ్లు దీన్ని ఒకసారి ఆలోచించాలి.

వేళ్ల ఆకారంలోనూ ఇదే కథ. హాంకాంగ్‌లో 1958లో బూట్లు తొడిగే చైనీయులను, తొడగని వాళ్లను పోల్చి చూశారు. బొటనవేలు మిగతా వేళ్ల మీదికి ఒరిగి, మొదట్లో బుడిపె లేచే స్థితి బూట్లు వాడేవాళ్లలో 33 శాతం మందిలో కనబడింది, వాడనివాళ్లలో 1.9 శాతం మందిలోనే. కర్ణాటకలో చేసిన మరో అధ్యయనంలో పుట్టినప్పటినుంచీ ఒట్టి కాళ్లతో నడిచిన మనుషుల పాదాలు ముందు భాగంలో వెడల్పుగా ఉన్నాయి, నడకలో ఒత్తిడి అరికాలంతా సమంగా పడింది. ఏళ్ల తరబడి బురదలో నాట్లు వేసిన ఆడవాళ్ల వేళ్లు విసనకర్రలా విడివిడిగా పరుచుకుని ఉండటానికి కారణం ఇదే. సిటీలో పెరిగిన వాళ్ల మనవరాలి వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వంశం ఒకటే, రక్తం ఒకటే, కాళ్లు పెరిగిన తీరే మారింది. పెద్దయ్యాక మొదలుపెడితే ఇంత మార్పు రాదు. కొండగట్టు అంజన్న దీక్షలో మండలం పాటు ఒట్టి కాళ్లతో నడిస్తే అరికాలి చర్మం మందమవుతుంది, ఎముకల నిష్పత్తి మాత్రం అలాగే ఉంటుంది.

పిల్లల విషయంలో ఇంకొకటి. జూన్‌లో బడి తెరిచే ముందు "ఎలాగూ పెరుగుతాడు" అని రెండు సైజులు పెద్ద బూట్లు కొనడం మామూలే. బడి వయసులో పాదం ఏడాదికి ఇంచుమించు ఒక సైజు పెరుగుతుంది, కాబట్టి ముందు చేతి బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉంటే చాలు. తోలు సంస్థ సర్వే ప్రకారం ఆడపిల్లల పాదం 11 ఏళ్లకు, మగపిల్లలది 15, 16 ఏళ్లకు పెరుగుదలలో పతాక స్థాయికి చేరుతుంది. శరీరంలో మిగతా భాగాల కంటే పాదం ముందే పెద్దదవుతుంది. పన్నెండేళ్ల పిల్లాడి కాళ్లు ఒక్కసారిగా పెద్దగా కనబడటానికి కారణం ఇది, "వీడు తాడిచెట్టంత అవుతాడు" అనడానికి మాత్రం గ్యారంటీ లేదు.

పెద్దయ్యాక కూడా పాదం పూర్తిగా స్థిరంగా ఉండదు. గర్భిణులకు కొందరిలో వంపు దిగి పాదం కొన్ని మిల్లీమీటర్లు సాగుతుంది, కాన్పు తర్వాత కూడా అలాగే ఉండిపోవచ్చు. వయసు పైబడ్డాక బంధనాలు వదులై పాదం వెడల్పవుతుంది. పొద్దంతా నిలబడి పనిచేసేవాళ్లకు సాయంత్రానికి వాపు వస్తుంది. కుడి ఎడమల్లో ఒకటి కాస్త పెద్దదిగా ఉండటం చాలామందిలో ఉండేదే.

కొలుచుకోవడం ఏమంత కష్టం కాదు. సాయంత్రం పూట నేల మీద తెల్ల కాగితం పరిచి, మడమ గోడకు ఆనించి, రెండు కాళ్ల మీదా బరువు వేసి నిలబడాలి. కూర్చుని కొలిస్తే పాదం చిన్నదిగా వస్తుంది. ఇంకొకరు పెన్సిల్ నిలువుగా పట్టి చుట్టూ గీయాలి, పెన్సిల్ లోపలికి వాలితే గీత తప్పుతుంది. రెండో కాలికీ ఇలాగే గీసి, పెద్దగా వచ్చినదాన్ని కత్తిరించి షాపుకు తీసుకెళ్లాలి. బూటు లోపలి అట్టను బయటికి తీసి, దాని మీద ఈ కాగితం పెట్టి చూస్తే ముందు ఎంత ఖాళీ ఉందో, పక్కన ఎక్కడ బయటికి పొడుచుకొస్తుందో తొడగకుండానే కనబడుతుంది. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లకు బూటు ఒత్తుతున్న సంగతి నొప్పి రూపంలో తెలియదు కాబట్టి వాళ్లకు ఈ కాగితమే ఆధారం. గీత పక్కకు దాటితే పెద్ద నంబర్ అడగకుండా అదే పొడవులో వెడల్పు రకం అడగాలి. అది లేదంటే, ఈ కాగితం పట్టుకుని కొలత తీసి చెప్పులు కుట్టే మనిషి దగ్గరికి పోవడమే.